గల్లీకి ఒక్కసారే

గొంతుతో బతకాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. నేను పని మానేసి కొంతకాలమైంది. గొంతులో చిన్న కాయలు లేచాయని, గట్టిగా మాట్లాడొద్దని డాక్టరు అన్నాడు. అయినా నా నంబరు ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. ఏ మైకు కొనాలి, గది గోడలకు ఏం అంటించాలి అని మొదలుపెట్టి చివరికి అందరూ ఒక్క చోటికే వస్తారు: "మేడమ్, పర్సనల్ బ్రాండ్ ఎలా కట్టుకోవాలి?" ఇల్లు కట్టుకున్నట్టు బ్రాండు కూడా కట్టుకోవచ్చని వాళ్ల నమ్మకం. నేనూ అలాగే అనుకున్నాను, కట్టాను కూడా. దాన్ని ఎలా కట్టానో, ఒక్క పొద్దున ఎలా కూల్చుకున్నానో చెబుతాను. పేర్లు మాత్రం అడగొద్దు. నకిరేకల్ చిన్న ఊరు, అందరం రేపు కూడా అదే బజారులో కూరగాయలు కొనుక్కోవాలి.

నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆ బడి మూతబడింది. మా ఆయన అంతకుముందే పోయాడు. పిల్లలు లేరు. అక్క కొడుకు ఒకడు నా దగ్గర ఉండేవాడు, చౌటుప్పల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో పని, కంపెనీ బస్సులో పోయి వచ్చేవాడు. వాడి జీతం వాడి తల్లిదండ్రులకే సరిపోయేది కాదు. కాబట్టి బడి మూతబడ్డ రోజు నా ముందున్న ప్రశ్న చాలా చిన్నది: రేపటి నుంచి ఏం తినాలి?

మా బడి వార్షికోత్సవాలకు మైకు సెట్టు కిరాయికి తెచ్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఊరంతా ఆయన్ని చాచా అనేది. పైన రెండు హారన్లు కట్టిన ఆటో ఆయనది. తప్పిపోయిన బర్రెలు, సొసైటీకి వచ్చిన ఎరువులు, రేపటి కరెంటు కోత, అన్నీ ఆయనే చాటేవాడు. అన్నిటికన్నా ముఖ్యంగా చావులు. ఊళ్లో ఎవరు పోయినా, ఏ కులమైనా ఏ మతమైనా, ఆ కబురు వాడవాడకూ ఆయన నోటనే వినాలి. బడి మూతబడిన వారంలోనే చాచా మా ఇంటికి వచ్చాడు.

"టీచరమ్మా, బడి పోతే పోయింది, గొంతు పోలేదు గదా. జర గీ నాలుగు ముక్కలు ఫోన్ల చెప్పు," అని ఒక చీరల దుకాణం వాళ్ల ప్రకటన చేతిలో పెట్టాడు.

పక్కింటి మిక్సీ చప్పుడు రాకుండా బొంత కప్పుకుని, చెమటలు కారుతుంటే, ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెప్పాను. నా మొదటి స్టూడియో ఆ బొంతే. ఇప్పటి పిల్లలు గోడలకు ఫోమ్ పలకలు అంటిస్తున్నారు, మంచిదే, కానీ మా అమ్మ కుట్టిన బొంతను మించి ఏ పలకా చప్పుడును ఆపలేదని నా గట్టి నమ్మకం.

ఆ ప్రకటన చీరల సేటుకు నచ్చింది. నచ్చడం కాదు, కలిసివచ్చింది. బజారులో బోణీకి ఎంత విలువ ఉంటుందో మీకు తెలుసు. పొద్దున్నే వచ్చిన మొదటి గిరాకి వట్టి చేతులతో పోకూడదని లాభం వదులుకుని అయినా అమ్ముతారు. నా గొంతు పెట్టిన రోజు గిరాకి బాగా అయిందని సేటు దాన్నే బోణీ చేసుకున్నాడు. షట్టరు లేపి, ఊదుబత్తి ముట్టించి, మొదటి గిరాకి గడప తొక్కకముందే నా రికార్డు పెట్టేవాడు. ఆయన్ని చూసి చెప్పుల దుకాణం, ఆయన్ని చూసి బంగారం దుకాణం. తర్వాత సూర్యాపేట, నల్లగొండ, మిర్యాలగూడ. "బోణీ గొంతు" అని నాకొక పేరు వచ్చింది. నేను పెట్టుకున్నది కాదు, అయినా నాకు చాలా ఇష్టంగా ఉండేది.

ఇష్టానికి ఒక కారణం ఉంది. పండుగ పూట పొద్దున్నే ఎదురైతే జనం ముఖం తిప్పుకునే మనిషిని నేను. మా వీధిలోనే పెళ్లికి బయలుదేరే వాళ్లు నేను వాకిట్లో ఉంటే కాసేపు ఆగి, నేను లోపలికి పోయాక కదిలేవాళ్లు. అదే మనుషులు దుకాణంలో నా పిలుపు విని పెళ్లి చీరలు కొనేవాళ్లు. గొంతుకు బొట్టు ఉందో లేదో ఎవరికి కనపడుతుంది? పనంతా ఫోన్లలోనే కాబట్టి సేట్లు నన్ను చూసింది లేదు. టీచరమ్మగా నేను కొందరికి తెలుసు, గొంతుగా అందరికీ తెలుసు, ఆ రెండూ ఒకరేనని చాచాకు తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు. ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని నేను అడగనూ లేదు.

మా అక్క కొడుకు దీన్నంతా దందాగా, అంటే నాలుగు డబ్బులొచ్చే వ్యాపారంగా, మార్చాలని కంకణం కట్టుకున్నాడు. హైదరాబాదులో ఏదో ఒకరోజు శిక్షణకు పంపాడు. అక్కడ నాకు బిడ్డ ఉంటే ఆ వయసు ఉండే అమ్మాయి అందరినీ లేపి అడిగింది, మీ బ్రాండ్ ఏమిటో ఒక్క మాటలో చెప్పండి అని. ఒకరు నమ్మకం అన్నారు, ఒకరు గాంభీర్యం అన్నారు. నేను బోణీ అన్నాను. చప్పట్లు కొట్టారు. తిరిగి రాగానే మావాడు కార్డు అచ్చు వేయిద్దామన్నాడు.

"ఫొటో ఇయ్యి చిన్నమ్మా. ముఖం లేకుంట బ్రాండేంది?"

"మనం అమ్మేది గొంతు గదరా. ముఖం ఎందుకు?"

వాడికి అర్థమైంది. ఫొటో జాగాలో తామరపువ్వు బొమ్మ వేయించాడు.

ఇక్కడ బజారు పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు వింతగా ఉంటుంది. చాచా గొంతుకు ఏం తక్కువ? ఖాళీ బిందెలో నీళ్లు పడ్డట్టు మోగేది. అయినా ఏ దుకాణమూ ఆయనతో ఒక్క ప్రకటన చెప్పించుకోలేదు. చావు చెప్పిన నోటితో చీర చెప్పించరు. ఎక్కడా రాసి లేదు, ఎవరూ వాదించరు, అందరికీ తెలిసిందే. చాచా నవ్వేవాడు. "సచ్చినోళ్లు నా దిక్కు, చీరలు నీ దిక్కు. పంచుకున్నం, ఫికర్ లేదు," అనేవాడు.

ఒకసారి నేను ఆయన్ని అడిగాను, ప్రతి గల్లీలో అదే మాట అరిచే బదులు ఒక్కసారి రికార్డు చేసి తిప్పొచ్చు కదా అని. ఆటోలో టీ తాగుతూ ఉన్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"చీరల మాట దినమంత తిరగనియ్యి బిడ్డా, తప్పు లేదు. సచ్చినోళ్ల పేరు గల్లీకి ఒక్కసారే చెప్పాలె. అది గూడ బతికున్న మనిషి నోటితోటి. డబ్బల పెట్టి తిప్పుతామా?"

ఆయన పద్ధతిలో ఇంకొకటి ఉంది. పేరు చెప్పాక ఊరు ఆ మనిషిని ఏమని పిలిచేదో తప్పకుండా చెప్పేవాడు. బస్టాండు కాడ మిర్చీలు వేసే అవ్వ అని, పంచరు తాత అని. ఓటరు కార్డు మీది పేరు చెబితే సగం ఊరికి ఎవరు పోయారో తెలియదనేవాడు. నేను అప్పుడు విని ఊరుకున్నాను. అది నా దిక్కు పని కాదు కదా.

అలా కొన్నేళ్లు నడిచాక ఒక ఏడు, పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస అమావాస్యకు ముందు, బతుకమ్మ చీరల గిరాకి మాంచి ఊపులో ఉండగా, ఒక పొద్దున చాచా అల్లుడు మా వాకిట్లో నిలబడ్డాడు. మామ తెల్లవారకముందే పోయాడని చెప్పాడు. అల్లుడితో పాటే వాళ్లింటికి పోయాను. చాచా భార్య, మా చాచి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు, చేయి పట్టుకుని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"మజీదుల చెప్పిండ్రు. మరి బజారోళ్లకు, నిమ్మకాయల మార్కెట్టోళ్లకు, సుట్టుపక్కల ఊర్లోళ్లకు ఎవరు చెప్తరు బిడ్డా? అందరి కబురు ఆయన చెప్పిండు. అల్లుడేమో ఫోన్ల రికార్డు చేసి తిప్పుతనంటడు. ఆయనకు రికార్డు పెడ్తరా?"

నాకేసి చూసింది కానీ, నువ్వు చెప్పు అని అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒక వంక చెప్పేదాన్నేమో.

బయటికి వచ్చేసరికి మావాడు రాత్రి డ్యూటీ దిగి కబురు విని వచ్చి ఉన్నాడు. నా ముఖం చూడగానే సంగతి పసిగట్టి పక్కకు లాగాడు.

"చిన్నమ్మా, జర ఆలోచించు. నువ్వు ఆటోల కూసున్నవంటే బజారంత నిన్ను చూస్తది. చావు చాటినవంటే ఇగ బోణీకి ఎవడు పిలుస్తడు? ఇన్నేండ్ల కష్టం ఒక్క పూటల పోతది."

"నాకు ఎరుక లేదారా?"

నాకు బాగా భయం వేసింది, దాచుకునేది ఏమీ లేదు. ఈ వయసులో మళ్లీ ఏ బడి గేటు ముందో నిలబడి పని అడగాలి. చాచా ఇంటికి వచ్చి నా చేతిలో ఆ కాగితం పెట్టకపోతే నాకు ఈ బతుకే లేదని తెలుసు, అయినా ఆటో దిక్కు పోకుండా గోడ పక్కనే నిలబడ్డాను. గొప్పగా ఆలోచించి నిర్ణయం తీసుకున్నానని చెప్పుకోవాలని ఉంటుంది. అది నిజం కాదు. నేనలా నిలబడి ఉండగా అల్లుడు ఆటో పక్కన ఫోను నోటి దగ్గర పెట్టుకుని, గొంతు సవరించుకుని, "ప్రియమైన నకిరేకల్ ప్రజలారా" అని ఎలక్షన్ మీటింగులో లాగా మొదలుపెట్టాడు. ఆ మాట చెవిన పడితే చాచా మంచం మీది నుంచి లేచి వచ్చి ఆ ఫోను లాక్కునేవాడు. ఆయన లేవలేడు కాబట్టి నేను లాక్కున్నాను.

"ఆపు. నేను చెప్త," అన్నాను.

బొంత కింద చెప్పడం వేరు, ఆటోలో చెప్పడం వేరు. మనం అన్న మాట పైన హారన్‌లోంచి పోయి, ఎదురుగా ఉన్న మేడకు తగిలి, మనం తర్వాతి మాట అనేలోపు తిరిగి వచ్చి నోట్లో పడుతుంది. దానికి తోడు నా నోటికి ఏళ్ల అలవాటు ఒకటి ఉంది. ప్రతి వాక్యం చివర గొంతు పైకి లేచి తియ్యగా నవ్వుతుంది. మొదటి గల్లీలో పుస్తకం భాషలో, "నకిరేకల్ పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా" అని మొదలుపెట్టి చాచా చావును చీరల తగ్గింపు చెప్పినంత హాయిగా చెప్పేశాను. ఒకామె చేతిలో సంచితో పరుగున వాకిట్లోకి వచ్చి, "ఏ దుకాణమమ్మా?" అని అడిగింది.

ఆటో ఆపించాను. చచ్చేంత సిగ్గనిపించింది. అల్లుడు వెనక్కి తిరిగి నీళ్ల సీసా ఇచ్చాడు.

"మామ ఎప్పుడు గూడ మైకుల చెప్తున్ననని చెప్పకపోతుండె టీచరమ్మా. దర్వాజ కాడ నిలబడి పక్కింటోళ్లకు చెప్పినట్టు చెప్తుండె."

తర్వాతి గల్లీలో పుస్తకం భాష వదిలేశాను. "ఇన్నేండ్లు మీ ఇంటి కబురు మీ వాడకు చెప్పిన మైకు చాచా ఇయ్యాల పొద్దుగాల కాలం చేసిండు. పగటి జొహర్ నమాజు అయినంక ఖబరస్తానుకు తీస్కపోతరు." అంతే చెప్పాను. తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో ముసలాయన అరుగు మీది నుంచి లేచి తలపాగా తీశాడు. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆ తర్వాత బజారు. చీరల దుకాణం ముందు రెండు పెద్ద సౌండు బాక్సులు, వాటిలోంచి నేనే పిలుస్తున్నాను, బతుకమ్మ పండుగకు కొత్త చీర కట్టుకోండి, రండి, విచ్చేయండి అని. ఆటోలోంచి కూడా నేనే, చాచా కాలం చేసిండని. రెండు నోళ్లూ నావే, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. దుకాణంలోని ఆడవాళ్లు బాక్సు వైపోసారి, ఆటో వైపోసారి చూశారు. సేటు మెట్ల మీదికి వచ్చాడు. ఆయన నన్ను చూడటం అదే మొదటిసారి. ఆయన చూపు నా నుదుటి మీద కాసేపు ఆగింది. తర్వాత లోపలికి చేయి ఊపాడు, బాక్సులు ఆగిపోయాయి. ఆ వెంట చెప్పుల దుకాణం, బంగారం దుకాణం కూడా ఆపేశాయి. బజారంతా చప్పుడు లేకుండా నిలబడి చాచా కబురు విన్నది. చాచా మీది గౌరవంతో ఆపారో, నా దోషం అంటుకుంటుందని ఆపారో ఈ రోజుకీ నాకు తెలియదు. రెండూ అయి ఉండొచ్చు.

నేనెవరో అప్పటికి బజారంతా తెలిసిపోయింది. సాయంత్రం సేటు ఫోను చేశాడు.

"ఏమనుకోవద్దు టీచరమ్మా. నా మనసుల ఏం లేదు. గిరాకి ఏమనుకుంటదో అని. పండుగ పూట గదా."

"నీ మనసుల ఏం లేదని నాకెరుకే సేటూ," అన్నాను. అదే బాధ అని మాత్రం అనలేదు.

దసరా వచ్చేసరికి బజారులో వేరే గొంతు మోగింది. హైదరాబాదు అమ్మాయిది, బాగానే చెప్పింది, పాపం ఆమె తప్పేం లేదు. సూర్యాపేటకూ మిర్యాలగూడకూ కబురు పాకడానికి ఎక్కువ కాలం పట్టలేదు. చౌటుప్పల్ దిక్కు ప్లాట్లు అమ్మేవాళ్లకు సంగతి తెలియలేదు కాబట్టి వాళ్ల ప్రకటనల పని కొన్నాళ్లు నడిచింది. మావాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మిగిలిన కార్డులు కట్ట కట్టి అటక మీద పెట్టాడు. నాకు కోపం వచ్చేది, ఎవరి మీదో తెలియక వంట గిన్నెల మీద చూపించేదాన్ని.

అప్పుడు చావులు రావడం మొదలైంది. మొదట నిమ్మకాయల మార్కెట్టు నుంచి ఒక హమాలీ భార్య వచ్చింది. "చాచాకు చెప్పినట్టే మా మామకు గూడ చెప్పమ్మా," అంది. ఎలాగూ పోయిన పేరే, ఇంకేం పోతుందని వెళ్లాను. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. కొన్నాళ్లకు చాచా ఆటోలో మైకు పట్టుకునే సీటు నాదైంది, ఆటో ఆయన అల్లుడు నడిపేవాడు.

ఆ పనిలో ప్రతి ఇంట్లో ఒక ప్రశ్న అడగాల్సి వచ్చేది: ఊరు ఈయన్ని ఏమని పిలిచేది? శవాన్ని ముందు పెట్టుకుని దాని మీద కొట్లాటలు కూడా అయ్యేవి. కొడుకులు ఉద్యోగం పేరు చెప్పమంటారు, బిడ్డలు కాదంటారు, మూలన కూర్చున్న ముసలి భార్య ఎవరూ అడగకుండానే అసలు పేరు చెప్పేస్తుంది. మీరు అడిగే బ్రాండు సంగతి నాకు ఆ ఇళ్లల్లోనే కొంచెం అర్థమైంది. మనం ఏం అచ్చు వేయించుకున్నా, మన వెనక ఊరు ఒక మాట సిద్ధం చేసి పెట్టుకునే ఉంటుంది. అది మనకు నచ్చుతుందని నమ్మకమేమీ లేదు.

మరుసటి ఏడు వానలు పడుతున్నప్పుడు చీరల సేటు మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా అమ్మ మిమ్ములను చూస్తనంటాంది టీచరమ్మా. మంచంల పడ్డది. మీరు రాకుంటే మందులు మింగనంటాంది," అన్నాడు. ఇంకా ఏదో చెప్పాలని చూసి, చివరికి అన్నాడు, "దసరాకు మళ్ల మీ గొంతే పెడదామనుకుంటున్న. జనం గూడ మర్శిపోయిండ్రు."

ఆ మాట కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నానని అప్పుడే తెలిసింది.

మూడంతస్తుల దుకాణం వెనకే వాళ్ల ఇల్లు. ముసలామె మంచంలో పిడికెడు మనిషి, కళ్లు మాత్రం సూదుల్లా ఉన్నాయి. కొడుకును చూసి, "నువ్వు దుకాణంల కూసోపో," అంది. ఆయన పోయాక నన్ను దగ్గరికి పిలిచింది.

"నేను పోయిన్నాడు నువ్వే చెప్పాలె. ఎట్ల చెప్తవో ఇప్పుడు చెప్పు, చెవులార ఇంట."

"బతికుండంగ గవ్వేం మాటలవ్వా?"

"సచ్చినంక నాకు ఇనవడ్తదా?"

గొంతు తగ్గించి మొదలుపెట్టాను, ఫలానా చీరల దుకాణం సేటు గారి తల్లి అని. ఆమె చేయెత్తి ఆపింది.

"నా కొడుకు పుట్టకముందు నేను లేనా?"

అప్పుడు చెప్పింది. మొగుడు పోయేనాటికి కొడుకు కడుపులో ఉన్నాడట. చీరల మూట నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగిందట. ఆ ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పింది, ఏ వాగు దాటి ఏ ఊరు, ఎక్కడ ఎవరి ఇంట్లో నీళ్లు ఇచ్చేవాళ్లు. ఊళ్లల్లో ఆమెను మూటమ్మ అనేవాళ్లట.

"పొద్దుగాల నా ముఖం చూడొద్దని తలుపులు ఏస్కునేటోళ్లు. మూట ఇప్పంగనే మల్ల తెరిసేటోళ్లు." ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఆమె చేయి పట్టుకున్నాను. "నా కొడుకేమో దుకాణం మీద తరతరాల నమ్మకం అని రాయించిండు. ఏ తరాలు? నేనే మొదటి తరం. ఆ మూట సంగతి అంటే వానికి నామోషి. చావు చెప్పినవని నీ గొంతు ఆపిండట గదా. నాకు మొన్ననే ఎరుకైంది. అందుకే నువ్వే చెప్పాలె."

మళ్లీ చెప్పాను. చీరల మూట నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగిన మూటమ్మ కాలం చేసింది అని, వాకిట్లో నిలబడి పక్కింటివాళ్లకు చెప్పినట్టు. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

"జర నిమ్మలంగ చెప్పు," అంది. "మూట బరువుండె."

ఇంకోసారి, నెమ్మదిగా చెప్పాను. చాలని తల ఊపింది.

ఆమె వానకాలం దాటలేదు. కబురు అందగానే ఆటోతో వెళ్లాను. సేటు వాకిట్లోకి వచ్చి, ఏమని చెబుతారని అడిగాడు. ఆమె చెప్పమన్నది చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది.

"వద్దు టీచరమ్మా. దుకాణం పేరు చెప్పుండ్రి, నా పేరు చెప్పుండ్రి. ఆ మూట ముచ్చట ఇప్పుడెందుకు? వియ్యాలోళ్లు వస్తరు, పెద్ద పెద్దోళ్లు వస్తరు."

దసరా పని మళ్లీ ఆయన చేతిలోనే ఉంది. ఆయన ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు, కానీ అది మా ఇద్దరి మధ్య నిలబడే ఉంది.

"ఇట్ల చెప్తనని అవ్వకు మాట ఇచ్చిన సేటూ. కాదంటవా, ఇంకొకళ్లను పిలుచుకో. నేను దిగిపోత," అన్నాను.

ఆయన అవునని గానీ కాదని గానీ అనకుండానే లోపలికి పోయాడు. చాచా అల్లుడు నా వైపు చూశాడు. ఆటో పోనియ్యమన్నాను.

బజారులోకి వచ్చాం. ఆయన దుకాణం షట్టరు దించి ఉంది. సేటు అప్పటికే వెనక ఉన్న ఇంట్లోంచి వచ్చి, దుకాణం మెట్ల మీద, ఏడాది కింద నన్ను చూస్తూ నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాడు. ఆపడానికే వచ్చాడనుకున్నాను. అయినా నెమ్మదిగా చెప్పాను, ఆమె నేర్పినట్టే. పక్క దుకాణాల్లో ఉన్న ముసలివాళ్లు ఒకరిద్దరు, "మూటమ్మనా? గీ సేటు తల్లేనా?" అని ఒకరినొకరు అడిగారు. సేటు మెట్లు దిగి ఆటో దగ్గరికి వచ్చాడు. కాళ్లకు చెప్పులు లేవు.

"మల్లొకసారి చెప్పు," అన్నాడు.

"గల్లీకి ఒక్కసారే సేటూ. అది పద్ధతి."

ఆయన ఆటో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. తర్వాతి గల్లీలో చెప్పాను. ఆ తర్వాతి గల్లీలో చెప్పాను. ప్రతి గల్లీలో తల వంచుకుని విన్నాడు. శవం దగ్గర ఉండాల్సిన కొడుకు కనపడక ఇంటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఊరి చివర అల్లుడు ఆటో నెమ్మది చేసి, ఇక తిప్పుదామా అన్నట్టు వెనక్కి చూశాడు.

"అమ్మ ఏ ఊర్లు తిరిగిందో నీకు చెప్పిందా టీచరమ్మా?" అని సేటు అడిగాడు. "నాకు ఎరుక లేదు."

వాగు అవతలి ఊరి పేరు చెప్పాను. అల్లుడు ఆటో అటు తిప్పాడు. సేటు జేబులో ఫోను మోగుతూనే ఉంది, ఆయన ఎత్తలేదు.